వేరొకరి గుర్రం, వారంలో మూడు రోజులు మీ చేతిలో

ప్రశ్న: నాలుగేళ్లుగా స్వారీ నేర్చుకుంటున్నాను. ట్రాట్ (చిన్న పరుగు), క్యాంటర్ (అంతకంటే వేగమైన పరుగు) బాగానే వచ్చు, చిన్న అడ్డాలు దూకిస్తాను. తెలిసినావిడకు పన్నెండేళ్ల ఆడగుర్రం ఉంది. ఉద్యోగం వల్ల ఆవిడకు రోజూ లాయానికి వెళ్లడం కుదరట్లేదు. "వారంలో మూడు రోజులు నువ్వు చూసుకుని ఎక్కు, ఖర్చులో మూడో వంతు ఇవ్వు" అంటున్నారు. నాకు చాలా ఇష్టంగా ఉంది. కానీ ఇంతవరకు స్కూలు గుర్రాలే ఎక్కాను, జీను కూడా వాళ్లే వేసి ఇచ్చేవారు. దాణా, జబ్బుల సంగతి పెద్దగా తెలియదు. కాగితం రాసుకుందామంటే ఆవిడ నొచ్చుకుంటారేమోనని సంకోచం. ఒప్పుకోమంటారా? ఒప్పుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఒప్పుకోండి, కానీ ముందు ఒక నెల పరీక్షగా చూసుకుందామని చెప్పండి. మొదటి రోజుకే ఒక అరపేజీ కాగితం ఉండాలి, నెల సాగాక పూర్తి ఒప్పందం రాసుకోవచ్చు. నొచ్చుకుంటారన్న భయం వద్దు. గుర్రాన్ని ప్రాణంగా చూసుకునే మనిషికి, దాని గురించి ఇంత వివరంగా అడిగేవాళ్లు దొరికితే ధైర్యంగా ఉంటుంది. ఒకవేళ అడిగినందుకే కోపం వస్తే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మీకు మేలు.

గుర్రాన్ని పంచుకునే ఏర్పాట్లు స్వారీ దగ్గర చెడేది తక్కువ. ఒకరి రోజు ముగిసి ఇంకొకరి రోజు మొదలయ్యే సందులోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. రాత్రి దాణా పెట్టారో లేదో తెలియక ఇద్దరూ పెడతారు, లేదంటే ఎవరూ పెట్టరు. ఎడమ ముంగాలు కాస్త వేడిగా ఉందని ఒకరు గమనించి చెప్పడం మరిచిపోతారు, మర్నాడు రెండోవారు దాన్నే క్యాంటర్ చేయిస్తారు. నట్టల మందు రెండుసార్లు పడుతుంది. నీ మూడు రోజులు, నా మూడు రోజులు అని మీరిద్దరూ లెక్క వేసుకోవచ్చు గానీ, గుర్రానికి ఉన్నది ఒకటే వారం. దాన్ని ఇద్దరూ కలిసి నడపాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు మీరు ఎక్కకండి. మేత మైదానం నుంచి పట్టుకురావడం, కట్టడం, గిట్టలు శుభ్రం చేయడం, జీను వేయడం, స్వారీ, అన్నీ ఆవిడనే చేయమని పక్కన నిలబడి చూడండి. పట్టుకోబోతే గుర్రం తప్పించుకుంటోందా? కాళ్లు నాలుగూ గొడవ లేకుండా ఎత్తనిస్తోందా? తంగు (జీనును పొట్ట కింద నుంచి పట్టి ఉంచే పట్టీ) బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి కొరకబోతోందా? తంగు దగ్గర చిరాకు పడే గుర్రానికి చాలాసార్లు జీను సరిగా అమరకపోవడమో, కడుపులో పుండ్లో కారణమై ఉంటాయి. "దానికి అది అలవాటే" అంటే అక్కడితో ఊరుకోకండి, పశువైద్యుడు చూశారా అని అడగండి.

రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడ ఎదుట, కంచె ఉన్న మైదానంలో, మీరు ఎక్కండి. వీలైతే మీ శిక్షకుణ్ణి తీసుకెళ్లండి. స్కూలు గుర్రం రోజూ రకరకాల మనుషులను మోస్తుంది కాబట్టి కాలు కాస్త అటూఇటూ తగిలినా పట్టించుకోదు. ఒకే మనిషికి అలవాటైన గుర్రానికి మీ పిక్క అలా ఆనితే చాలు, కదులుతుంది. స్కూల్లో నొక్కినట్టు నొక్కితే అది పరుగందుకుంటుంది, మీరు భయపడి పగ్గాలు లాగుతారు, అది మరింత బెదురుతుంది. అందుకే మొదటి రెండు వారాలు నడక, ట్రాట్‌తో సరిపెట్టుకోండి. దూకించడం ఆ తర్వాతి సంగతి.

బరువు లెక్క కూడా మొహమాటం లేకుండా చూసుకోండి. మనిషి, బట్టలు, జీను అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది విరివిగా వాడే హద్దు. గుర్రం 450 కిలోలుంటే మొత్తం 90 కిలోలు. జీనుకే 8 నుంచి 10 కిలోలు పోతాయి. ఆవిడకు రోజూ వెళ్లడం కుదరట్లేదంటున్నారు కాబట్టి ఈ గుర్రానికి కండ బలం తగ్గి ఉండవచ్చు, ఇలాంటప్పుడు 15 శాతం దగ్గర ఉంటే ఇంకా మంచిది.

ఆవిడను అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఇదివరకు కడుపునొప్పి వచ్చిందా, గిట్టల వాపు వచ్చిందా, కండరాలు బిగుసుకుపోయాయా, ఏ మందైనా పడదా? లాడాలు చివరిసారి ఎప్పుడు వేశారు, పళ్లు ఎప్పుడు చూపించారు, ధనుర్వాతం టీకా ఏ తేదీన వేశారు? ఒంటరిగా బయటికి వెళ్తుందా, వాహనాలకు బెదురుతుందా, వేరే గుర్రాలను తన్నుతుందా? మీ ధనుర్వాతం టీకా తేదీ కూడా ఒకసారి చూసుకోండి. లాయంలో చిన్న గాయాలు తప్పవు, మట్టిలో, లద్దెలో ఆ క్రిమి ఉంటుంది.

ఇక వారం సంగతి. మీకు మూడు, ఆవిడకు మూడు, ఒక రోజు పూర్తి విశ్రాంతి అనుకుందాం. ఆవిడ శనివారం దూకించి, మీరు ఆదివారం దూకించి, సోమవారం ఆవిడ గట్టిగా క్యాంటర్ చేయిస్తే ఎవరికి వారు మామూలుగానే ఎక్కినట్టు అనిపిస్తుంది. గుర్రానికి మాత్రం వరసగా మూడు బరువైన రోజులు పడ్డాయి. స్నాయువులు దెబ్బతినేది ఇలాంటి చోటే. దూకించడం వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు, అదీ పక్కపక్క రోజుల్లో కాకుండా. బరువైన రోజు మర్నాడు తేలిక నడకో, విశ్రాంతో ఉండాలి. ఎవరు ఏ రోజు ఏ రకం పని చేయించాలో ఆదివారం సాయంత్రమే ఫోన్లో ఖాయం చేసుకోండి. ప్రతి స్వారీలో మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు నడకే.

విశ్రాంతి రోజున దాణా తగ్గించాలన్న సంగతి కొత్తవారికి తరచుగా తెలియదు. బాగా పనిచేసే గుర్రానికి పని లేని రోజున కూడా పూర్తి దాణా పెట్టి, మర్నాడు గట్టిగా ఎక్కితే కండరాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పిరుదుల కండలు రాయిలా గట్టిపడతాయి, చెమటలు పోస్తాయి, గుర్రం అడుగు వేయనంటుంది, మూత్రం కాఫీ రంగులోకి మారవచ్చు. అలా అయితే ఉన్నచోటే దిగి, నడిపించకుండా, చలిగా ఉంటే దుప్పటి కప్పి, వెంటనే వైద్యుణ్ణి పిలవాలి. పంచుకున్న గుర్రానికి ఈ ముప్పు ఎక్కువ. మీకు జ్వరం వచ్చి మీరు వెళ్లరు, లాయం మనిషి మామూలు దాణా పెట్టేస్తాడు, మర్నాడు ఆవిడ వచ్చి ఉత్సాహంగా ఎక్కుతారు. కాబట్టి స్వారీ మానుకున్న రోజున "ఈరోజు ఎక్కడం లేదు, దాణా సగమే" అని మెసేజ్ పెట్టడం ఒప్పందంలో ఉండాలి.

మేత విషయంలో మీరు సొంతంగా ఏదీ మార్చకండి. గుర్రానికి రోజుకు శరీర బరువులో 1.5 నుంచి 2 శాతం ఎండు మేత కావాలి, 450 కిలోల గుర్రానికి సుమారు 7 నుంచి 9 కిలోలు. పచ్చిక మేస్తే ఆ మేరకు తగ్గుతుంది. దాని పొట్ట చిన్నది, 8 నుంచి 15 లీటర్లే పడుతుంది, పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే దాణా ఒక పూటకు 2 కిలోలు మించకూడదు, ఏ కొత్త మేతైనా 7 నుంచి 10 రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. డబ్బాతో కొలవడం మోసం చేస్తుంది. ఒకే డబ్బాలో తవుడు పోస్తే ఒక బరువు, గుళికల దాణా పోస్తే దాదాపు రెట్టింపు. ఒకసారి వేలాడే త్రాసు తెచ్చి ఇద్దరూ కలిసి డబ్బానూ, గడ్డి వలనూ తూచి, ఆ బరువులు గోడ మీద పలకపై రాయండి. ఆ పక్కనే ఉదయం, సాయంత్రం, రాత్రి అని మూడు గళ్లు. పెట్టినవారు టిక్కు పెట్టాలి. దాణా తిన్న గంట వరకు ఎక్కకూడదు. ఎండుగడ్డి తినే గుర్రం రోజుకు 25 నుంచి 45 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. తొట్టి నిండుగా ఉంటే సరిపోదు, అది తాగుతోందో లేదో చూడాలి.

మీరు వెళ్లగానే జీను చేతిలోకి తీసుకోకండి, ముందు గుర్రాన్ని చూడండి. లద్దె పడిందా, ఎప్పటిలా ఉండలు కట్టి ఉందా, నిన్నటి గడ్డి మిగిలిందా. ఆ తర్వాత భుజం వైపు నుంచి పలకరిస్తూ దగ్గరికి వెళ్లండి. సరిగ్గా ముక్కు ఎదురుగానూ, తోక వెనకా దానికి కనిపించదు. మాలీసు చేసేటప్పుడు చేయి వెనక భాగంతో నాలుగు కాళ్లనూ మోకాలి కింద నుంచి గిట్ట వరకు నిమరండి. అరచేతికంటే చేతి వెనక చర్మానికి వేడి తేడా త్వరగా తెలుస్తుంది. ఎడమ కాలితో కుడి కాలిని పోల్చండి. రెండూ ఒకేలా ఉంటే సరే, ఒకటే వేడిగానో వాచినట్టో ఉంటే ఆ రోజు స్వారీ లేదు. గిట్టలో మట్టి తీసేటప్పుడు కొక్కెం మడమ నుంచి మొన వైపు నడపాలి, మధ్యలో మూడు కోణాలుగా ఉండే మెత్తని భాగంలో గుచ్చకూడదు. అక్కడ నల్లటి చెమ్మ, కుళ్లు వాసన ఉంటే గిట్ట కుళ్లు మొదలైందని అర్థం. తడి నేల మీద నిలబడే గుర్రాలకు అది తొందరగా వస్తుంది.

మొదటి వారంలోనే, గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు దాని నాడి చూడటం నేర్చుకోండి. దవడ ఎముక లోపలి అంచు కింద వేళ్లు ఆనిస్తే తాడులా దొర్లే నాళం తగులుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16, ఉష్ణోగ్రత సుమారు 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. ఈ గుర్రానికి మామూలుగా ఎంత ఉంటుందో రాసి పెట్టుకుంటే, తేడా వచ్చిన రోజున వైద్యుడికి ఫోన్లో చెప్పడానికి మీ దగ్గర ఒక అంకె ఉంటుంది. నేలను కాలితో గీరడం, డొక్క వైపు తిరిగి చూసుకోవడం, పడుకుని లేవడం, పొర్లడం, తిండి మానడం, లద్దె రాకపోవడం, ఇవి కడుపునొప్పి గుర్తులు. మేత తీసేసి వెంటనే వైద్యుడికి ఫోన్ చేయండి. విశ్రాంతిలో ఉండీ నాడి 60 దాటితే ఒక్క నిమిషం కూడా ఆగకండి. వైద్యుడు చెప్పకుండా నొప్పి మందు వేయకండి. నొప్పి అణిగితే లోపల ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు.

మొదటి రోజు అరపేజీ దీనికోసమే. అందులో ఆవిడ ఫోను, వైద్యుడి ఫోను, ఆవిడ దొరకనప్పుడు నిర్ణయం తీసుకోగల ఇంకొక మనిషి ఫోను ఉండాలి. "నేను ఫోనుకు దొరక్కపోతే వైద్యుణ్ణి పిలిచే అధికారం నీకుంది, బిల్లు నాది" అన్న వాక్యం, ఆవిడ సంతకం ఉండాలి. శస్త్రచికిత్స, ప్రాణం తీయడం లాంటి నిర్ణయాలు ఎప్పటికీ ఆవిడవే, లేదా ఆవిడ పేరు రాసిచ్చిన మనిషివి. అర్ధరాత్రి ఆ బరువు మీ నెత్తిన పడకూడదు.

జీను వేయడం మీకు కొత్త కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గుర్రాన్ని పగ్గాలతో కట్టకండి, హాల్టర్ (కళ్లెం లేనప్పుడు తలకు వేసే పట్టీ) తాడుతో, ఒక్క లాగుకు ఊడే ముడితో, మూపు ఎత్తులో కట్టండి. తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు. జీను కింది మెత్తను మూపుకు కాస్త ముందు పెట్టి వెనక్కి జరపండి, వెంట్రుకలు వాటి దిశలో అణుగుతాయి. జీను పెట్టాక మెత్తను ముందువైపు జీను గూటిలోకి పైకి లాగాలి, లేకపోతే అది మూపు ఎముక మీద బిగుసుకుని ఒరుస్తుంది. తంగును ఒకేసారి బిగించొద్దు, ఒకటి రెండు బెజ్జాలు బిగించి, గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి, మళ్లీ బిగించండి. తంగుకూ పొట్టకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఎక్కబోయే ముందు ఒకసారి, పది నిమిషాలు నడిచాక ఇంకోసారి చూడండి. చాలా గుర్రాలు మొదట పొట్ట బిగబడతాయి, తర్వాత తంగు వదులవుతుంది, ఎక్కేటప్పుడు జీను పక్కకు జారిపోతుంది. కళ్లెంలో ముక్కు పట్టీ కింద రెండు వేళ్లు, గొంతు పట్టీ కింద పిడికిలి పట్టాలి.

రికాబు (స్వారీలో పాదం పెట్టే కడియం) పట్టీల బెజ్జాల నంబర్లు, మీవీ ఆవిడవీ, నోటుబుక్కులో రాసుకోండి. ఎడమ వైపు నుంచే ఎక్కడం వల్ల ఎడమ పట్టీ సాగుతుంది, అప్పుడప్పుడు ఎడమదీ కుడిదీ మార్చాలి. ఇద్దరు ఎక్కే గుర్రానికి ఈ సాగుడు ఇంకా త్వరగా వస్తుంది. ఎత్తు బల్ల మీద నుంచి ఎక్కితే పట్టీకీ, గుర్రం వెన్నుకూ మంచిది. జీను తీశాక వీపు మీద చెమట మరకలు చూడండి. చుట్టూ తడిగా ఉండి ఒక చోట మాత్రం పొడిగా ఉంటే అక్కడ జీను ఒత్తుతోందని అనుమానించాలి. మీ సొంత జీను తెచ్చి వేయాలని అనిపించినా, అమరిక తెలిసినవారు చూడకుండా వేయకండి. బాగా వేడెక్కిన గుర్రం మీద చల్లటి నీళ్లు పోయడం ప్రమాదమన్న మాట నమ్మకండి. ఒళ్లంతా ధారగా పోస్తూనే ఉండటం దాన్ని చల్లబరిచే మంచి దారి.

గుర్రానికి మీ ఇద్దరి సైగలు ఒకటిగా ఉండాలి. ఆగమనడానికి ఆవిడ నడుము నిటారు చేసి కూర్చుంటే, మీరు పగ్గాలు లాగితే, కొన్ని వారాల్లో అది ఇద్దరి మాటా వినడం మానేస్తుంది. నెలకు ఒకసారైనా ఒకే శిక్షకుడి దగ్గర ఇద్దరూ అదే గుర్రం మీద వరసగా పాఠం తీసుకోండి.

లాయంలో ఒక నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్ను ఉండాలి. ఫోన్లో మెసేజ్ పెట్టినా సరే, బుక్కులో కూడా రాయాలి, లాయం మనిషీ చదువుతాడు. రాయాల్సింది ఇంతే: "మంగళవారం సాయంత్రం. 10 నిమిషాలు నడక, 20 ట్రాట్, క్యాంటర్, 10 నడక. దిగాక చూస్తే కుడి ముంగాలు లాడం మేకు పైకి లేచి ఉంది. ఎక్కొద్దు. లాడం వేసే ఆయనకు ఫోన్ చేశాను, రేపు వస్తారు. దాణా 1 కిలో, రాత్రికి గడ్డి 4 కిలోలు. లద్దె మామూలే." ఇలా రాసిన రోజున ఆవిడకు ఏ సందేహమూ మిగలదు. లాడాలు 6 నుంచి 8 వారాలకు ఒకసారి వేయించాలి, ఆ తేదీలు, నట్టల మందు తేదీలు మొదటి పేజీలో ఉంటే రెండుసార్లు పడే ప్రశ్నే రాదు.

ఇప్పుడు డబ్బు. "ఖర్చులో మూడో వంతు" అన్న మాట విడమరిచి రాయాలి, లేకపోతే తగవు అక్కడే వస్తుంది. దేనిలో మూడో వంతు? లాయం అద్దె, గడ్డి, దాణా, లాడాలు పంచుకోవడం న్యాయం. టీకాలు, పళ్లు, నట్టల మందు కూడా ఆవిడ కోరితే కలపొచ్చు. అనుకోని వైద్యం మాత్రం యజమాని ఖర్చుగానే ఉండాలన్నది నా అభిప్రాయం, మీ నిర్లక్ష్యం వల్ల జరిగింది తప్ప. జీనూ, కళ్లెం మీ చేతిలో తెగితే ఎవరు బాగుచేయించాలో కూడా రాయండి, మామూలు అరుగుదలకూ పాడుచేయడానికీ తేడా చెప్పండి.

గుర్రం కుంటి రెండు నెలలు ఎక్కే వీలు లేకపోతే? ఎక్కువ గొడవలు దీని మీదే. మొదటి నెల మీ వాటా మామూలుగా ఇచ్చి, మీ రోజుల్లో వెళ్లి మాలీసు, వైద్యుడు ఒప్పుకుంటే చేత్తో పట్టుకుని నడిపించడం లాంటివి చేయండి. రెండో నెల నుంచి వాటా సగానికి తగ్గుతుందనో, ఆపేసే హక్కు ఇద్దరికీ ఉందనో ముందే రాసుకోండి. గుర్రం ఒళ్లు బాగోలేనప్పుడు మాయమైపోయే మనిషితో గుర్రాన్ని పంచుకోవడానికి ఎవరికీ మనసొప్పదు, అలాగని ఎక్కని గుర్రానికి నెలల తరబడి కట్టమనడమూ సరికాదు.

బీమా విషయంలో రెండు ప్రశ్నలు. మీరు ఎక్కినప్పుడు గుర్రం వేరొకరికి హాని చేస్తే ఆవిడ పాలసీ ఆదుకుంటుందా? మీకు దెబ్బ తగిలితే మీ సొంత పాలసీలో స్వారీ ఉందా? మీరు క్రమంగా ఎక్కుతున్నట్టు బీమా సంస్థకు ఆవిడ రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. నోటి మాట మీద వెళ్లకండి. హెల్మెట్, మడమ ఉన్న బూట్లు లేకుండా ఎక్కకూడదు, ఒకసారి గట్టిగా పడ్డ హెల్మెట్‌ను మార్చాలి, పైకి పగుళ్లు కనిపించకపోయినా. మీ స్నేహితులనో పిల్లలనో ఆ గుర్రం ఎక్కించకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు దూకించకూడదు. బయటికి వెళ్తే ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఒకరికి చెప్పాలి, ఫోను జేబులో ఉండాలి, జీను సంచిలో కాదు. పడితే గుర్రం ఫోనుతో సహా వెళ్లిపోతుంది.

పూర్తి ఒప్పందంలో ఏ రోజులు, ఏ పనులు, ఏ ఖర్చులు, ఎవరి నిర్ణయాలు అన్నవి పైన చెప్పినట్టే రాయండి. వదులుకోవాలంటే ఇద్దరిలో ఎవరైనా నాలుగు వారాల ముందు చెప్పాలన్న నిబంధన పెట్టండి. ప్రమాదం గానీ గుర్రానికి హాని గానీ జరిగితే ఈ గడువు వర్తించదని కూడా చేర్చండి. ఆవిడ గుర్రాన్ని అమ్మదలచుకుంటే ముందు మీకు చెప్పాలని అడగడంలో తప్పు లేదు. మీరు దాని మీద నెలల శ్రమ పెట్టి ఉంటారు. ఆవిడ ఒప్పుకుంటే ఆ వాక్యాన్నీ కాగితంలో చేర్చి, రెండు ప్రతులు తీసి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.